డిండిలో మూడు రోజుల నాయకత్వం

పదేళ్ళ కిందట స్కాలర్‌షిప్ మీద జోర్డాన్ వెళ్ళి, ఒక వేసవంతా అక్కడుండి అరబిక్ నేర్చుకొచ్చాను. ఆ సంగతి విన్న అమలాపురం వాళ్ళంతా అడిగే మొదటి మాట ఒకటే: "ఎందుకండీ?" చిన్నప్పుడు మా వీధిలో సగం ఇళ్ళకి కువైట్ నుంచో మస్కట్ నుంచో పార్సిళ్ళు వచ్చేవి. పాలపొడి డబ్బాల మీద మెలికలు తిరిగిన ఆ అక్షరాలు చదవాలని నాకు మహా కోరికగా ఉండేది. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు. తిరిగొచ్చి కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేరాక, అరబిక్‌ని పట్టుచీరలా బీరువాలో పెట్టేశాను.

కిందటేడు ఆ కోర్సు చేసివచ్చిన వాళ్ళందరికీ నాయకత్వ శిక్షణ ఇస్తామంటూ మెయిల్ వచ్చింది. మూడు రోజుల వర్క్‌షాప్. ఏ ఢిల్లీలోనో పెడతారు, విమానం ఎక్కొచ్చు అనుకున్నాను. తీరా చూస్తే మా రాజోలు పక్కన డిండిలో, గోదావరి ఒడ్డున ఉన్న రిసార్టులో పెట్టారు. మిగతావాళ్ళు ఎక్కడెక్కడి నుంచో విమానాల్లో వచ్చారు. నేను స్కూటీ మీద వెళ్ళాను.

శిక్షణ ఇచ్చినావిడ బెంగళూరు నుంచి వచ్చిన హుషారైన మనిషి. మొదటి రోజు మా కళ్ళకు గంతలు కట్టించి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కొబ్బరిచెట్ల మధ్య నడవమంది. నన్ను నడిపించినాయన తిన్నగా తీసుకెళ్ళి ఒక చెట్టుకి గుద్దించాడు. నాయకుడికి ముందుచూపు ముఖ్యం అని ఆవిడ బోర్డు మీద రాసింది. నేను నుదురు రుద్దుకుంటూ నోట్సులో ఎక్కించుకున్నాను.

రెండో రోజు, ఎవరి ఊరికి పనికొచ్చే పథకం వాళ్ళు తయారుచేసుకుని మర్నాడు అందరి ముందూ చెప్పాలన్నారు. నాకు వెతుక్కునే పనే లేకపోయింది. మా ప్రాంతం నుంచి గల్ఫ్ ఇళ్ళల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళకి, బయల్దేరేముందు నాలుగు అరబిక్ ముక్కలు నేర్పాలి. హుషారుగా ఇరవై స్లైడ్లు చేసుకున్నాను.

మూడో రోజు పొద్దున్న టిఫిన్ల వేళకి ముందే వరండాలో నిలబడి గట్టిగా సాధన చేస్తున్నాను. 'నేను ఆసుపత్రికి వెళ్ళాలనుకుంటున్నాను' అనే వాక్యం. "ఉరీదు అన్ అద్‌హబ ఇలల్ ముస్తష్ఫా."

వెనక ఎవరో నవ్వు ఆపుకుంటున్న చప్పుడు. తిరిగి చూస్తే మాకు వంట చేసిపెడుతున్నావిడ. యాభై దాటి ఉంటాయి, కాట్రేనికోన వైపు మనిషి. రెండు రోజులుగా "ఇంకో పెసరట్టు వేయమంటారా అండీ" అనడం తప్ప నాతో మరో మాట మాట్లాడలేదు.

"ఏమనుకోకండి మేడంగారూ," అంది. "అలా అన్నారంటే ఆ ఇంటావిడ, ఇదేటి నా ముందు టీవీ వార్తలు చదువుతుందీ అనుకుంటాదండి."

"మీకు అరబిక్ వచ్చా?"

"ఆయ్. పద్నాలుగేళ్ళు కువైట్‌లో చేసేనండి."

"మరైతే ఏమనాలి?"

"వద్దీని ముస్తష్ఫా. అంతేనండి."

"వద్దీనా?"

"వద్దని కాదండి, తీసుకెళ్ళమని. మొదట్లో నాకూ అదే తికమక."

నిజం చెప్పొద్దూ, ముందు నాకు ఉక్రోషం వచ్చింది. సర్టిఫికెట్ ఉన్నదాన్ని నేను. పుస్తకంలో ఉన్నది సరైన అరబిక్ అని వాదించాను కూడా. ఆవిడ ఓపిగ్గా విని, "ఉండొచ్చండి. నాకు చదువు లేదు," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత స్లైడ్లు ఎన్నిసార్లు తిరగేసినా నా గొంతు నాకే వార్తల్లా వినిపించింది.

వంటింట్లోకి వెళ్ళాను. "పిన్నిగారూ, ఇవాళ నా బదులు మీరు మాట్లాడతారా?"

"నాకెందుకండీ అవన్నీ. చట్నీ రుబ్బాలి."

"చట్నీ నేను చూస్తాను."

"మీకు వచ్చాండీ?" అని అనుమానంగా చూసింది. టిఫిన్లయ్యాకే వస్తానంది. వచ్చింది కూడా, చీరకొంగుకి చేతులు తుడుచుకుంటూ. శిక్షకురాలితో నా సమయం ఈవిడకిస్తున్నానని చెప్పి, పిన్నిగారి తెలుగు మాటల్ని ఇంగ్లీషులో చెబుతూ పక్కన నిలబడ్డాను.

కువైట్ వెళ్ళిన మొదటి నెలలో ఆవిడకి జ్వరం వచ్చిందట. ఒంట్లో బాగోలేదని ఎలా చెప్పాలో తెలియక మూడు రోజులు అలాగే గిన్నెలు తోమిందట. నాలుగో రోజు మెట్ల మీద పడిపోయింది. "ఆ ఇంటావిడ మంచిదేనండి. ముందే ఎందుకు చెప్పలేదని ఏడ్చింది. ఏం లాభం, నా దగ్గర మాటుంటే కదండీ," అంది. ఆ వాక్యం ఇంగ్లీషులోకి మార్చడానికి నాకు కాసేపు పట్టింది.

తర్వాత మా అందరి చేతా పది మాటలు పలికించింది. నీళ్ళు కావాలి, నొప్పిగా ఉంది, ఇంటికి ఫోన్ చేసుకుంటాను, ఇలాంటివి. తప్పు పలికినవాళ్ళని లేపి మళ్ళీ చెప్పించింది. శిక్షకురాలిని రెండుసార్లు లేపింది.

ఇప్పుడు ఆదివారాలు మా కాలేజీలో ఒక గది అడిగి తీసుకుని క్లాసు నడుపుతున్నాం. మొదటి వారం ఆరుగురు వచ్చారు. పాఠం పిన్నిగారిది. గది తాళాలు, బోర్డు తుడవడం, ఆవిడ చెప్పింది తెలుగు అక్షరాల్లో రాసి జిరాక్సులు తీయించడం నా పని. 'ఉరీదు' అనే మాట నా నోట్లోంచి వచ్చినప్పుడల్లా ఆవిడ ఆగి నాకేసి చూస్తుంది, నేను దిద్దుకుంటాను.

పోయిన నెల మా దగ్గర నేర్చుకుని గల్ఫ్ వెళ్ళిన ఒకమ్మాయి వాయిస్ మెసేజ్ పంపింది. మొత్తం అరబిక్‌లోనే, గడగడా మాట్లాడేసింది. నాకు సగమే అర్థమైంది. పిన్నిగారికి వినిపించాను.

"ఏమంటోందండీ?"

"శుక్రవారం సెలవడిగిందంటండి. ఇచ్చేరంట," అని ఫోన్ నా చేతికిచ్చి, బోర్డు దగ్గరికి వెళ్ళింది.