తుమ్మ చెక్క గిటారుకు చుట్టిన తీగ

మా బాపుది వడ్ల పని, అంటే చెక్క పని. సిద్దిపేటల మెదక్ రోడ్డు దిక్కు మాకు చిన్న కార్ఖానా ఉన్నది. దర్వాజలు, కిటికీలు, మంచాలు చేస్తడు. నేను ఒక ప్రైవేటు బడిల లెక్కలు చెప్త. పెండ్లిళ్ల సీజన్ల దోస్తుల ఆర్కెస్ట్రాల గిటారు వాయిస్త. ముప్పై ఏండ్లు దాటినా నాకంటూ సొంత ఎలక్ట్రిక్ గిటారు లేకుండె. ఆర్కెస్ట్రాదే వాయించేటోన్ని.

ఒకనాడు దాన్ని ఇంటికి తెచ్చుకుంటే, బాపు తన చేతులకు తీసుకొని ఎనకా ముందు తిప్పి చూసిండు.

"గిది లోపట డొల్ల లేదేందిరా?"

"ఎలక్ట్రిక్‌ది గద బాపు, మొత్తం గట్టి చెక్కనే. తీగల కింద ఇగో గివి పికప్‌లు. అయస్కాంతాల సుట్టు సన్న రాగి తీగ చుట్టి ఉంటది. పైన తీగ ఊగితే లోపల కరెంటు పుడ్తది. అది పోయి స్పీకర్ల సప్పుడైతది."

"అంటే పీటకు తీగలు కట్టినట్టు."

"అట్లనే అనుకో."

"గట్లయితే నేను జేస్త," అన్నడు.

జగదేవ్‌పూర్ దగ్గర మా చుట్టాల పొలంల కొట్టిన తుమ్మ మొద్దును బాపు పలకలు కోపిచ్చి కార్ఖానాల ఆరబెట్టి పెట్టుకున్నడు. దాంట్ల నుంచి మంచి పలక ఒకటి తీసిండు. టేకు ఉన్నది గద అంటే ఇనలే. "తుమ్మకు మించిన గట్టిది లేదు. నీ పిల్లల కాలం దాక ఉంటది," అన్నడు. మెడ, తీగలు, పికప్‌లు నేను ఆన్‌లైన్ల తెప్పిచ్చిన. గిటారు ఒళ్లు మాత్రం మూడు వారాలు కూసొని బాపే చెక్కిండు. అంచులు నున్నగ చేసేటప్పుడు అరచెయ్యి పెట్టి చూసుడు, మళ్ల గీకుడు. దర్వాజకు గంత ఓపిక పెట్టంగ నేను ఎన్నడు చూడలే.

తీగలెక్కిచ్చినంక మధ్యాహ్నం పూట కార్ఖానాలనే వాయించిన. మొదటి దెబ్బకే నా పండ్లు జివ్వుమన్నయి. ఇత్తడి గిన్నె మీద మేకు గీకినట్టున్నది. సన్న తీగలు చెవిల గుచ్చుతున్నయి, లావు తీగలకు బలమే లేదు. బాపు చెక్క మీద చెయ్యేసి, కండ్లు మూసుకొని నిలబడ్డడు.

"మస్తున్నది బిడ్డ," అన్నడు.

"అవును బాపు," అన్న.

ప్రజ్ఞాపూర్‌ల ఒక ఫంక్షన్ హాలుకు ఆ గిటారే తీస్కపోయిన. రెండు పాటలయినంక మా సింగర్ నా చెవికాడికి వచ్చి, "అన్నా, నీ గిటారు నా గొంతును కోస్తుంది," అన్నది. ముంగట వరుసల కూసున్న ముసలామె కుర్చి ఎత్తుకొని ఎనకకు పోయింది. మిగిలిన పాటలు పాత గిటారు మీద వాయించిన.

ఇంటికి రాంగనే బాపు అడిగిండు, "ఎట్ల పలికింది?"

"మంచిగ."

ఆ సీజనంత ప్రతి పెండ్లికి బాపు అదే అడుగుడు, నేను అదే చెప్పుడు. తుమ్మ గిటారు మా ప్రాక్టీసు రూముల ఒక మూలకు ఉండె. అబద్ధం చెప్పుడు కన్న, ఆయన సంబురంగ తల ఊపుడే నాకు ఎక్కువ కష్టమనిపించేది.

సమజ్ చేసుకుందామని ఇంటర్నెట్టుల మస్తు చదివిన. కొందరు చెక్కతోనే సప్పుడు మారుతదన్నరు. కొందరు అదంత ఉత్తదే, పికప్‌దే మహిమ అన్నరు. ఎవలది నిజమో నాకు ఇప్పటికీ తెల్వదు. కని ఒక్క మాట మాత్రం అందరు చెప్పిన్రు: గట్టిగ, పదునుగ పలికే చెక్కకు పదునుగ పలికే పికప్ పెట్టొద్దు. దానికి చుట్లు ఎక్కువున్న, మెత్తగ పలికే పికప్ పెట్టాలె. నేను చేసింది సరిగ్గ దానికి ఉల్టా. స్పీకరు మీద ట్రెబుల్, అంటే సన్న సప్పుడు, తగ్గించి చూసిన. సప్పుడు దుప్పటి కింద నుంచి వచ్చినట్టయింది తప్ప బాగు పడలే.

గప్పుడే చెక్కను నున్నగ చేసే మా రందా మిషను మోటరు కాలిపోయింది. దాన్ని బాగు చేపియ్యనీకి మోటరు వైండింగ్ దుకాణానికి తీస్కపోయిన. ఆ దుకాణం ఆలుమొగలు ఇద్దరిది. ఆయన ఊర్లల్లకు పోయి బోరు మోటర్లు ఎల్లదీసుకొస్తడు. తీగ చుట్టేది మాత్రం ఆయన భార్య, అక్కనే. ఆమె చేతులు ఆడుతుంటే చూసుకుంట నిలబడ్డోన్ని, ఉన్నట్టుండి గిటారు సంగతి చెప్పిన. తెల్లారి పికప్ ఒకటి ఇప్పుకొచ్చి చూపెట్టిన.

"గింతేనా? అయస్కాంతం, దాని సుట్టు తీగ. గిది మోటరుకు చెల్లెనే," అన్నది.

"దీనికి ఇంకిన్ని చుట్లు పడ్తయా అక్కా?"

"జాగుంటే పడ్తయి. మేం గూడ అందరికి ఒక్క తీరు చుట్టం. లైను చివర ఉన్న బావికి కరెంటు తక్కువొస్తది. దానికి లెక్క మార్చి చుడ్తం. ఎక్కడ పెడ్తరో తెల్వకుండ చుడ్తే కాలిపోతది. ముందుగాల నాకొకసారి ఇనిపియ్యి."

పికప్ మళ్ల బిగిచ్చి, గిటారు, చిన్న స్పీకరు మోసుకపోయి దుకాణం ముంగట వాయించిన. ఆమె మొఖం చిట్లిచ్చి చెయ్యెత్తి ఆపమన్నది.

"చెక్క ఎవలు చేసిన్రు?"

"మా బాపు."

"ఆయన ఇన్నడా?"

"ఇన్నడు. మస్తున్నదన్నడు."

అక్క స్టూలు నా దిక్కు జరుపుకున్నది. తర్వాత మెల్లగ అన్నది. "మీ బాపుకు సరిగ్గ ఇనొస్తలేదేమో తమ్మీ. బోరు బండ్ల దగ్గర పనిచేసి మా ఆయనకు గట్లనే అయింది. ముందుగాల సన్న సప్పుళ్లు పోతయి. పిట్టలు, ఫోన్లు. లావు సప్పుళ్లు ఇనొస్తయి గనక మనిషికి తెల్వది."

నాకు కోపమొచ్చింది. మా బాపు సంగతి నీకేమెరుక అందామనుకున్న. కని ఇంటికి పోయే తొవ్వల ఒక్కొక్కటే యాదికొచ్చినయి. ఫోను పక్కనే మోగినా ఎత్తడు. కుక్కరు కూత పెట్టినా మా అమ్మనే పరుగెత్తాలె. "మీరంత నోట్ల నోట్ల మాట్లాడుతరు," అని మమ్మల్నే అంటడు. నలభై ఏండ్లు కోత మిషను పక్కన నిలబడ్డ మనిషి. మేమంత పరధ్యానం అనుకున్నం.

ఎంటికంత సన్న రాగి తీగ అక్క దగ్గర లేకుండె. హైదరాబాద్ నుంచి ఒక రీలు తెప్పిచ్చింది. ఆదివారం మోటర్ల పని లేనప్పుడు చేతితో తిప్పే మిషను మీద ఎక్కిచ్చింది. మూడుసార్లు తెగింది. తెగినప్పుడల్ల తిట్టకుంట, విసుక్కోకుంట మళ్ల సున్న నుంచి మొదలుపెట్టింది. "మోటరు తీగైతే గుంజుతే వస్తది. దీన్ని బతిలాడాలె," అన్నది. నా పని రీలు పట్టుకొని శ్వాస గూడ మెల్లగ తీసుకునుడే. ముందు ఎనిమిది వేల చుట్ల దాక ఉండె. ఆమె ఆ పాత తీగంత ఇప్పేసి, కొత్త తీగతోని పది వేల దాక చుట్టింది. రెండో పికప్‌కు ఇంకో ఆదివారం పట్టింది. తీగ కదలకుంట రెండింటిని కరిగిన మైనంల ముంచి ఆరబెట్టింది.

బిగిచ్చేటప్పుడు వాటిని తీగలకు జర దూరంగ కిందికి దించిన. వాయిస్తే సూది మొన పోయింది. లావు తీగలకు బలమొచ్చింది. తుమ్మ గట్టితనం మాత్రం ఎటు పోలే. ఆరు తీగలు ఒక్కసారే మీటినా దేనికది తెలుస్తుండె. అక్క ఇని, "ఇగ మనిషి మాట్లాడినట్టున్నది," అని మళ్ల మోటరు పనిల పడ్డది.

ఇంటికొచ్చిన. బాపు కార్ఖానాల నాకు వీపు పెట్టి దర్వాజ చౌకట్టుకు ఉలితోని గాడి తీస్తుండు. నేను వచ్చింది ఆయనకు తెల్వదు. ఏం చెప్పకుండ స్పీకరు పెట్టి వాయించిన. ఉలి ఆగింది. బాపు తిరిగి చూసిండు.

"ఏం జేసినవ్ దాన్ని?"

"పికప్‌లు మళ్ల చుట్టిపిచ్చిన."

"ముందుగాల గిట్ల రాలే."

"ఎట్లొచ్చె బాపు?"

ఉలిని బల్ల మీద పెట్టిండు. చేతులకంటిన పొట్టు దులుపుకున్నడు. "చేతికి తెలిసింది. చెక్క అదురుతుండె. చెవికైతే ఏదో దూరంగ టిక్కు టిక్కుమన్నట్టే ఉండె. నువ్వు సంబురపడ్తున్నవు గద అని మస్తున్నదన్న."

"నువ్వు సంబురపడ్తున్నవని నేను అవునన్న," అన్న.

ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. ఆయన ముందు నవ్విండు. తర్వాత నా పక్కన చౌకట్టు మీద కూసొని, "ఇంకొకసారి వాయించు," అన్నడు. ఎంతసేపు వాయించిన్నో తెల్వదు. ఆయన ఈసారి చెక్క మీద చెయ్యి పెట్టలే.

ఆ వారమే దవాఖానకు తీస్కపోయిన. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, సప్పుడు ఇనొచ్చినప్పుడల్ల చెయ్యెత్తమన్నరు. లావు సప్పుళ్లకు చెయ్యి టక్కున లేసింది. సన్నయి వచ్చేసరికి చెయ్యి ఒడిలనే ఉన్నది. అద్దం ఇవతల కూసొని ఆ చెయ్యి లేస్తదేమోనని చూసుడు నాకు మహా కష్టమయింది. గిటారు కన్న ముందు చూపియ్యాల్సింది బాపు చెవులే గద.

చెవి మిషను పెట్టిన కొత్తల బాపు దాన్ని తీసి బల్ల మీద పడేసిండు. గిన్నెల సప్పుడు నెత్తిల పడ్తుందన్నడు. దవాఖానల ఉన్న మేడం మూడుసార్లు పిలిచి, జర జర తగ్గించి సదిరింది. ఇప్పుడు పొద్దంత పెట్టుకుంటడు. కోత మిషను నడిపేటప్పుడు అది తీసేసి, చెవులకు మూతలు పెట్టుకుంటడు. నేను కొనిచ్చిన మూతలే.

మొన్న పొయ్యిన వారం మా ప్రాక్టీసుకు వచ్చి కూసున్నడు. అంత అయినంక అడిగిండు, "ఆ పాత తీగతోని అసలు ఎట్లుండెరా? ఒక్కసారి ఇనాలని ఉన్నది."

"ఆ తీగ ఇప్పేసినం గద బాపు. ఇనుంటే చెవులు మూసుకుందువు."

"గంత ఖరాబుగ ఉండెనా?" అన్నడు. చెవి మిషను సదురుకున్నడు. "గప్పుడే చెప్తే మూడు వారాలు దండుగాయెనని నేను బాధపడుదును. నిజమే. కని బిడ్డ, చెప్పాలె."

"చెప్త బాపు," అన్న. గిటారు సంచిల పెట్టి, ఆయన చెప్పులేసుకునే దాక ఆగి, ఇద్దరం బండెక్కినం.