అత్త అడిగిన తాళంచెవి

తడిసిన బియ్యం చాప మీద ఆరబోస్తుంటే ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఎదురింటి అత్త పోయింది. గాలివాన వెలిశాక ఊపిరితిత్తులకు నెమ్ము చేరి మంచాన పడింది, ఇక లేవలేదు. రోగంతో పోయింది కాబట్టి తుపాను మృతుల్లో ఆవిడ పేరు ఉండదట.

ఆవిడ నాకు బంధువు కాదు. నేను రాయగడకు కాపురానికి వచ్చిన కొత్తలో, తుపాను వస్తోందని బిందెలు నింపుకుని కూర్చుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఓలమ్మీ, నీళ్ళు తాగే బతికేస్తావేటి? పులిహోర కలుపు. కొబ్బరెయ్యకు, పాడైపోద్ది."

అలా గాలి కబురు వస్తే ప్రతి ఇంట్లో పులిహోర కలపడం మా వీధి ఆనవాయితీ అయింది. రేషన్ కార్డులు పాలిథిన్‌లో చుట్టి పిండి డబ్బాలో పెట్టడం కూడా ఆవిడ నేర్పిందే. ఏ ఇంట్లో చూలింత ఉందో, ఎవరికి మందులు అయిపోవచ్చాయో ముందే కనుక్కునేది. "నీ ఇల్లు సూసుకో, పక్కిల్లు సూసుకో. ఆ పైది నాను సూస్తాను" అనేది.

ఓ ఏడాది తుపాను మా రేకులన్నీ లేపుకుపోయింది. మళ్ళీ అలాంటి గాలి వస్తే అందరం తలదాచుకోవాలని చందాలు వేసుకుని వీధి చివర స్లాబు హాలు కట్టుకున్నాం. అత్త ఇటుకలు మోసింది. కట్టిన మరుసటి ఏడే దసరా కమిటీ అందులో సామాన్లు పెట్టింది. థర్మాకోల్ గోపురం, కార్పెట్లు, అమ్మవారి మకరతోరణం. పండగ అయిపోయినా అవి కదిలేవి కావు. సరిగ్గా తుపాన్ల రోజుల్లోనే హాలు నిండి ఉండేది.

"గాలి కబురు సెప్పేరు బాబూ, హాలు కాళీ సెయ్యవేటి?" అని అత్త కమిటీ కార్యదర్శిని అడిగేది.

"ఎక్కడ పెట్టమంటావత్తా? డెకరేషన్ తడిస్తే మళ్ళీ ఎవడిస్తాడు?"

"మరి నాను తడిస్తే తీగ మీద ఆరేస్తావేటి? పోనీ, ఇంకో తాళంచెవి సేయించి మా ఆడోళ్ళ దగ్గర పెట్టు."

అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. తాళంచెవి మాత్రం చేయించలేదు.

ఈసారి తుపానుకు సాయంత్రమే రేకులు లేచాయి. పిల్లల్నీ ముసలివాళ్ళనీ తీసుకుని హాలు దగ్గరికి పరుగెత్తాం. తాళం వేసి ఉంది. కార్యదర్శి ఊళ్ళో లేడు. చెవి ఆయన జేబులో ఉంది. మగవాళ్ళు గునపం తెచ్చారు. తెచ్చి, తలుపు ముందు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. లోపల అమ్మవారి సామాను. బురద కాళ్ళతో, అంటూ మైలా చూడకుండా ఎలా వెళ్తామని ఎవరో గొణిగారు. తాళం మీద మొదటి దెబ్బ వేయడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు.

"అమ్మోరు లోపల పొడిగానే ఉందిరా, మన పిల్లలే తడిసిపోతన్నారు" అని అత్త అరిచింది. గునపం తనే అందుకుంది. ఆ వయసులో అది ఎత్తగలదా? చేతిలోంచి జారిపోయింది.

తెల్లారేదాకా అందరం హాలు ముందు వరండాలోనే ఉన్నాం. జల్లు అడ్డంగా కొడుతోంది. నడవలేని పక్కింటి ముసలావిడకు తన టార్పాలిన్ కప్పి, అత్త వాన వచ్చే వైపు కూర్చుంది. ఇటు రమ్మని లాగితే చెయ్యి విదిలించుకుంది. "ఒగ్గేయ్ అమ్మీ, ఎవరో ఒకరు అటు కూకోవాల కదా."

మొన్న హాల్లోనే సంతాప సభ పెట్టారు. పొద్దున మొదలుపెట్టిన కుర్రాళ్ళు మధ్యాహ్నం భోజనాల వేళకు హాలంతా ఖాళీ చేసేశారు. ఇన్నాళ్ళూ కదలని సామాన్లు ఎక్కడ సర్దారని కార్యదర్శిని అడిగాను.

"మా మేడ మీద గది కాళీయే కదా వదినా" అన్నాడు.

ఆ గది ఇల్లు కట్టిననాటి నుంచీ ఖాళీయే.

ఆవిడ సేవలు మరువలేనివన్నారు. నన్నూ మాట్లాడమన్నారు. తాళంచెవి ఇంకొకటి చేయించి ఆడవాళ్ళ దగ్గర ఉంచాలని, వానల రోజుల్లో హాలు ఖాళీగా ఉండాలని అత్త అడిగేదని చెప్పాను. చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక కార్పెట్లు, గోపురం, తోరణం ఒక్కొక్కటే మళ్ళీ లోపలికి వచ్చాయి. దండ వేసిన అత్త ఫోటోను ఎవరూ తియ్యలేదు. దాని ముందు అగరొత్తులు ఇంకా ఆరలేదు. కార్యదర్శి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు. తలుపు కింద సందులోంచి సన్నగా పొగ వస్తోంది.