మా అత్తమ్మకు పడ్డ కిరాయి

మా నాన్న మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. గోదావరిఖనిలో ఒక బొగ్గు బావి మీద ల్యాంప్ రూంలో పని చేస్తాను. కిందికి దిగేవాళ్లు టోపీకి పెట్టుకునే లైట్లు చార్జింగు పెట్టి ఉంచడం, షిఫ్టుకు ముందు ఇవ్వడం, పైకి వచ్చాక లెక్క ప్రకారం తీసుకోవడం నా డ్యూటీ. ఏ లైటైనా కాస్త మసకగా వెలిగితే దాన్ని పక్కన పెట్టి ఇంకోటి ఇస్తాను. డ్యూటీలో ఇంత జాగ్రత్త గల మనిషిని ఇంట్లో ఎలా బోల్తా పడ్డానో చెబితే మా ల్యాంప్ రూంలో ఇప్పటికీ నవ్వుతారు.

కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి కమాన్‌పూర్ దారిలో రెండు గదుల ఇల్లు కొన్నాం. లోను నా పేరు మీదే. ప్రతి నెలా ఐదో తారీఖున పద్నాలుగు వేల రెండు వందలు నా ఖాతాలోంచి పోతాయి. మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆయన ఖాతాలో ఏ రూపాయి పడినా ఆటో ఫైనాన్సు వాళ్లు మింగేస్తారు. అందుకని ఇల్లు నిలబడేది నా మస్టర్ల మీదే. ఎన్ని రోజులు డ్యూటీకి పోతే అన్ని మస్టర్లు, అంత జీతం.

ఆ వానాకాలం నాకు జ్వరం వచ్చింది. పన్నెండు రోజులు మంచం దిగలేదు. మరుసటి నెల జీతం చీటీ చూస్తే మళ్లీ జ్వరం వచ్చేలా ఉంది. కటింగులన్నీ పోను మిగిలింది బియ్యానికి, పిల్ల ఫీజుకు సరిపోతుంది. ఇంటి లోనుకు ఏమీ మిగలదు. అంతకుముందు ఒకసారి కిస్తీ తప్పితే బ్యాంకు తరఫున ఒకతను బావి గేటు దగ్గరికే వచ్చాడు. షిఫ్టు దిగుతున్న వాళ్లందరూ వింటుండగా నా పేరు పెట్టి పిలిచి ఎప్పుడు కడతావని అడిగాడు. ఆ రోజు నేల చీలితే బావిలోకి దిగిపోదామనిపించింది. అది ఇంకోసారి జరగనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది క్రెడిట్ కార్డు. ఒక జీతాల రోజున గేటు ముందు టెంటు వేసి, సంతకం పెట్టిన ప్రతివాళ్లకూ కార్డుతో పాటు ఒక గొడుగు కూడా ఇచ్చారు. నేను గొడుగు కోసమే సంతకం పెట్టాను. గొడుగు ఆ ఏడే విరిగింది, కార్డు మాత్రం బీరువాలో కొత్తగానే ఉంది. ల్యాంప్ రూంలో నాతో పని చేసే అక్క అసలు కిటుకు చెప్పింది. కార్డుతో ఇంటి లోను కట్టనివ్వరు. ఇంటి కిరాయి అయితే కట్టనిస్తారు. ఫోన్లో ఒక యాప్‌లో మనవాళ్లనే ఒకరిని ఇంటి ఓనరని రాస్తే, డబ్బు వాళ్ల ఖాతాలో పడుతుంది. అది తీసుకుని లోను కట్టుకోవాలి. కార్డువాళ్లకు తర్వాతి నెల తీర్చుకోవాలి. అది తప్పే. ఆ రోజు నాకు తప్పనిపించలేదు, తెలివనిపించింది.

ఓనరుగా మాతోనే ఉండే మా అత్తమ్మ పేరు రాశాను. మామయ్య బావిలో పని చేసి రిటైరయ్యారు, తర్వాత కాలం చేశారు. ఆయన పెన్షన్ పంతొమ్మిది వందలు ఆమెకు నెల నెలా పడుతుంది. ఆ ఖాతాకే రెండో తారీఖున పదిహేను వేలు కిరాయి కొట్టాను. పడటానికి రెండు రోజులు పడుతుందని యాప్ చెప్పింది. నాలుగో తారీఖున ఆమెను బ్యాంకుకు తీసుకుపోయి అప్పుడే చెబుదామనుకున్నాను. ముందే చెబితే వంద ప్రశ్నలు వేస్తుంది. నాకేమో ఓపిక తక్కువ.

డబ్బు మర్నాడు పొద్దున్నే పడింది. ఆమె పెన్షన్ కూడా అదే రోజు పడింది.

మా అత్తమ్మకు ఒక అలవాటుంది. ఖాతాలో ఒక్క రూపాయి ఉంచదు. మామయ్య జీతం చీటీలో క్వార్టరు, కరెంటు, సొసైటీ, యూనియన్ చందా అన్నీ కట్ అయి చివరికి మిగిలేది చూసి చూసి, ఎక్కడ పైసలుంచినా కటింగు అవుతుందని ఆమె నమ్మకం. ప్రతి నెలా మూడో తారీఖున పాత క్వార్టర్ల లైన్లో ఉండే తన జోడీవాళ్లు నలుగురితో షేర్ ఆటోలో బ్యాంకుకు పోతుంది. వాళ్లు కూడా బావి పెన్షన్ తీసుకునే ఆడవాళ్లే. ఎంత పడితే అంత తీసివ్వమని చెప్పి తెచ్చుకుంటుంది.

మొదటి షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి గడప ముందు చెప్పులు. లోపల ఆ నలుగురూ కూర్చుని బూంది లడ్డూలు తింటున్నారు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ నా నోట్లో ఒక లడ్డూ కుక్కింది.

"పించిను పెరిగింది బిడ్డా. పాత బాకి అంత ఒక్కసారే ఏసిండ్రు" అంది.

లడ్డూ గొంతులో అడ్డం పడింది. మా దగ్గర ఈ పెన్షన్ పెంచాలని ప్రతి గేటు మీటింగులో చెబుతారు. అది పెరగదు. ఇన్నేళ్లు ఎదురుచూసిన వాళ్లు కాబట్టి పెరిగిందంటే ఆ నలుగురిలో ఒక్కరూ అనుమానపడలేదు. ఆమెకు ముందు పడి తమకెందుకు పడలేదన్నదే వాళ్ల బాధ. మర్నాడు పది గంటలకు అందరూ కలిసి బ్యాంకుకు పోయి తమ బాకీ అడుగుతారట.

వాళ్లు వెళ్లాక అత్తమ్మ నన్ను లోపలికి తీసుకుపోయింది. మంచం మీద కొత్త సీలింగ్ ఫ్యాను డబ్బా ఉంది. "రాత్రి డ్యూటీ చేసొచ్చి పగటీలి చెమటల పంటవు. మొదాలు నీ రూముకే కొన్న" అంది. నాకు కోపం రావాల్సింది, ఏడుపు వచ్చింది. ఆమె ఫ్యాను సంతోషమనుకుని నా వీపు తట్టింది.

మా ఆయన వచ్చాక సంగతంతా చెప్పి, మీ అమ్మకు మీరే చెప్పండన్నాను. ఆటో టైర్లో గాలి చూడాలని బయటికి పోయినవాడు బువ్వ వేళకు గానీ రాలేదు. బావిలో దిగేవాళ్ల కొడుకులకు ఇంత భయమేంటో నాకు అర్థం కాదు.

చివరికి నేనే చెప్పాను. కార్డు సంగతి, కిరాయి సంగతి, ఐదో తారీఖు సంగతి, గేటు దగ్గర ఆ మనిషి సంగతి. ఆమె మొహంలో సంతోషం దిగిపోవడం చూస్తూ చెప్పడం, ఆ పన్నెండు రోజుల జ్వరం కన్నా కష్టమైంది. అంతా విని అడిగింది.

"గా ఫోన్ల ఇల్లు ఎవలదని రాసినవ్?"

"నీదని రాసిన అత్తమ్మా."

"నువ్వు కిరాయికున్నట్టా?"

"అవును."

ముందు పెదాలు కదిలాయి, తర్వాత భుజాలు. కాసేపటికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. పుట్టింది గుడిసెలో, బతికింది కంపెనీ క్వార్టర్లో. అప్పటిదాకా ఎవరూ ఆమెను ఇంటి ఓనరని రాయలేదు. లేచి నోట్ల కట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. లడ్డూలకు, ఫ్యానుకు పోను ఆమె పెన్షన్‌తో కలిపి పద్నాలుగు వేల నాలుగు వందలున్నాయి.

"ఈ నెల కిరాయి మాఫ్" అంది.

మర్నాడు సెలవు పెట్టి, లైన్‌కు పోయి వాళ్లకు నేనే చెబుతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. తన నోటితో చెప్పింది తన నోటితోనే సరిచేస్తానని, బ్యాంకు తెరవకముందే బయల్దేరింది. నేను బ్యాంకు మిషన్‌లో నా ఖాతాకు డబ్బు వేసి డ్యూటీకి పోయాను. ఐదో తారీఖున కిస్తీ కట్ అయిందని ఫోన్ మోగినప్పుడు, సంతోషంలో ఒకాయనకు రెండు లైట్లు ఇచ్చాను. తర్వాత ఆదివారాలు కూడా డ్యూటీ చేసి కార్డు బాకీ తీర్చి, కార్డును కత్తెరతో రెండు ముక్కలు చేశాను.

లైన్‌లో ఆమె ఏం చెప్పిందో నాకు వారం తర్వాత తెలిసింది. అదీ ల్యాంప్ రూం అక్క చెబితేనే. ఆ అక్క వాళ్ల అత్త కూడా ఆ నలుగురిలో ఒకామె.

"అత్తకు కిరాయి కడుతున్నవట గదా. మా అత్త నన్ను గూడ కట్టుమంటాంది" అంది మూతి ముడుచుకుని.

నవ్వలేక చచ్చాను. ఇంటికి పోతుంటే మాత్రం సిగ్గేసింది. పిల్ల పుట్టినప్పటి నుంచి దాన్ని ఆమె చూసుకోబట్టే నేను మూడు షిఫ్టులూ చేయగలిగాను. జీతం తెచ్చిన ఏ రోజూ ఆమె చేతిలో ఒక నోటు పెట్టలేదు, ఆమె అడగలేదు కూడా. ఆ నెల నుంచి జీతం పడగానే వెయ్యి రూపాయలు ఆమె చేతికే ఇస్తున్నాను. లెక్కపెట్టి నడుముకు దోపుకుంటుంది. ఒక్క రోజు ఆలస్యమైతే మాత్రం గడపలో కాళ్లు చాపుకుని, నేను షిఫ్టు నుంచి వచ్చేదాకా కూర్చుంటుంది.

"కడుతవా, ఇల్లు ఖాళీ జేస్తవా?"