ఒక్క వ్యాను, మూడు జవాబులు

నేను యాప్‌లు చేయడం నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపు పైన ఉండేది. మధ్యాహ్నం క్లాసులో ఫ్యాను కింద కూర్చుంటే కింద రోడ్డు మీది చప్పుడంతా ఎక్కడో దూరాన వాన పడుతున్నట్టు వినిపించేది. కళ్లు మూతలు పడేవి. మా సార్ బోర్డు మీద డబ్బాలు గీసి వాటి మధ్య బాణాలు వేసేవారు. అవి డిజైన్ ప్యాటర్న్‌లు. ప్రోగ్రాములు రాసేవాళ్లకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉంటాయట. వాటికి చాలామంది చేతుల్లో నలిగి నిలబడిన పరిష్కారాలకు పేర్లు పెట్టారట. అబ్జర్వర్ అనే దాని గురించి సార్ చెప్పింది ఇంతే:

"ఒకల దగ్గర కబురుంటది. మిగిలినోళ్లు ఊకె పోయి అడగరు. కబురు మారినప్పుడు వాళ్లకు చెప్తరు, వాళ్లు వింటరు. గంతే."

నేను రాసుకున్నాను. ఇంటర్వ్యూలో అడిగితే అప్పజెప్పాను కూడా. కానీ అదేమిటో నాకు కనపడలేదు. నిద్రలో విన్న మాటలా ఉండిపోయింది.

ఉద్యోగం ఎల్‌బీ నగర్‌లో, కళ్లద్దాల షాపు పైన రెండు గదుల కంపెనీలో దొరికింది. మాది నల్గొండ దగ్గర పల్లె. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్‌లో ఉండి పొద్దున మెట్రోలో పోయేదాన్ని. ఆ వేళకు జనమంతా ఊరి లోపలికి పోతుంటారు, నేను బయటి వైపుకు. అందుకని నేనెక్కే పెట్టె దాదాపు ఖాళీగా ఉండేది. కిటికీలోంచి ఎండ వచ్చి సీటు మీద నుంచి సీటు మీదికి జరుగుతూ పోయేది. డాబాల మీద ఆరేసిన చీరలు, నీళ్ల ట్యాంకులు, అటు తిరిగి పళ్లు తోముకుంటున్న ఎవరిదో వీపు. స్టేషన్లు తక్కువ. ఒక ఆలోచన మొదలై పూర్తి కాకముందే చివరి స్టేషన్ వచ్చేసేది.

ఆ కంపెనీ నడిపే సార్ నాకు అప్పగించింది ఒక డయాలసిస్ సెంటర్ వాళ్ల యాప్. కిడ్నీలు పనిచేయనివాళ్లను ఆ సెంటర్ వ్యాను హయత్‌నగర్, వనస్థలిపురం కాలనీల నుంచి ఎక్కించుకుని వచ్చి, రక్తం శుద్ధి అయ్యాక మళ్లీ ఇళ్ల దగ్గర దింపుతుంది. ఆ వ్యాను ఎక్కడుందో, ఎప్పుడొస్తుందో ఫోన్‌లో చూపించడమే యాప్ పని. రాసినతను మానేసి వెళ్లిపోయాడు. నాతోపాటు దాని మీద ఉన్నది ఒక అక్క. కృష్ణా జిల్లా ఆవిడ. పిల్లలు పుట్టాక చాలా ఏళ్లు ఉద్యోగం మానేసి, వాళ్లు కాస్త పెద్దయ్యాక మళ్లీ మొదలుపెట్టింది. మెల్లగా మాట్లాడేది. ఏది చూసినా ముందు కాసేపు ఊరికే చూస్తూ కూర్చునేది.

మొదటిరోజు ఇద్దరం కలిసి ఆ యాప్ కోడ్ తెరిచాం. అంతా ఒకటే ఫైలు. వ్యాను ఎక్కడుందో కనుక్కునేది, మ్యాపు గీసేది, గంట మోగించేది, డ్రైవర్‌కు ఫోన్ కలిపేది అన్నీ అందులోనే. కిందికి జరుపుతూ ఉంటే జరుగుతూనే ఉంది.

"ఇది ఇల్లు కాదమ్మాయ్, సత్రం," అంది అక్క. "ఎవరి మంచం ఎక్కడుందో ఎవరికీ తెలీదు."

వచ్చిన కొత్తలోనే ఒక ఫిర్యాదు వచ్చింది. హయత్‌నగర్ నుంచి ఒక పెద్దావిడ సెంటర్‌కు ఫోన్ చేసి, యాప్ తప్పు చెబుతోందని అందట. సార్ నన్ను పోయి చూసి రమ్మన్నారు.

నేను వెళ్లేసరికి తెల్లారి కొంచెం సేపే అయింది. చలికాలం. హైవే మీద పొగమంచు ఉంది, లారీల లైట్లు పసుపు ముద్దల్లా తేలుతున్నాయి. ఆవిడ గల్లీ చివర ఒక షట్టర్ ముందు మెట్టు మీద కూర్చుని ఉంది. తలచుట్టూ స్కార్ఫ్, ఒళ్లో సంచి, చేతిలో ఫోన్. మోచేతికి కింద, సూదులు గుచ్చే చోట, నరం ఉబ్బి ఉంది. సొంత ఊరు చౌటుప్పల్ అవతలట. మిషన్ కుట్టేదట. ఆరోగ్యం పాడయ్యాక మానేసింది. నేను ఎవరో చెప్పాక పక్కకు జరిగి చోటిచ్చింది.

"కూసో బిడ్డా. నువ్వే జేసినవా గిది?"

"నేను కాదు పెద్దమ్మా. ఇప్పుడు నేను చూస్తున్న."

ఫోన్ నా ముందు పెట్టింది. "నాకొకటి జెప్పు. వ్యాన్ ఒకటే ఉన్నదా, మూడున్నయా?"

చూశాను. మ్యాపులో వ్యాను బొమ్మ ఇంకా బస్ డిపో దగ్గర ఉంది. పైన రాతలో పది నిమిషాలు అని ఉంది. నేను చూస్తుండగానే గంట మోగింది, మీ వ్యాను వచ్చేసింది అని. గల్లీలో ఒక పాలబండి తప్ప ఏమీ లేదు.

"గంట మోగినప్పుడల్లా లేస్త," అంది ఆవిడ. "రోడ్డు దాంక పోత. ఉండదు. మల్లొచ్చి కూసుంట. డయాలసిస్‌కు పోయే పొద్దు నాకు కాళ్లల్ల జీవముండదు బిడ్డా. ఒచ్చి పోయుడుకే పరేషానైత."

వ్యాను వచ్చాక నేనూ ఎక్కాను. లోపల వెచ్చగా ఉంది. అందరూ సగం నిద్రలో ఉన్నారు. ఒకాయన తల కిటికీకి ఆనించి కళ్లు తెరిచే నిద్రపోతున్నాడు. ఎవరూ మాట్లాడటం లేదు. అద్దాల మీద తేమ పట్టి బయట షాపులన్నీ రంగు మరకల్లా జారిపోతున్నాయి. డ్రైవర్ ఫోన్ మాత్రం ఆగకుండా మోగుతోంది. ఒకరు పెట్టేస్తే ఇంకొకరు. ఏడున్నవ్ అని ఒకరు, ఎంతసేపైతది అని ఒకరు, సెంటర్ నుంచి ఎక్కడివరకు వచ్చారని ఇంకొకరు.

"ఆటోనగర్ దాటిన," అన్నాడు ఒకరితో. తర్వాతి వారితో, "ఒచ్చేసిన, ఒచ్చేసిన," అన్నాడు. ఆ తర్వాతిది ఎత్తనే లేదు.

"అందరికీ తలా ఒకటి చెప్తున్నవేందన్నా?" అని అడిగాను.

"ఏం జేయాలె మేడం. ఎవలు అడిగినప్పుడు నోటికేమొస్తే అది జెప్త. బండి నడపాలె కద."

ఆ వెచ్చదనంలో, ఆ సగం నిద్రలో, నాకు దిల్‌సుఖ్‌నగర్ బోర్డు మీద గీసిన డబ్బాలు ఒక్కసారిగా అర్థమయ్యాయి. మా ఫైలులో మ్యాపు వేరుగా పోయి అడుగుతోంది. పైన రాత వేరుగా అడుగుతోంది. గంటేమో ఎప్పుడో అడిగి దాచుకున్న పాత జవాబును పట్టుకుని మోగుతోంది. ముగ్గురూ ఒకే వ్యాను గురించి, ఎవరికి తోచిన వేళలో వాళ్లు అడుగుతున్నారు. మధ్యలో ఆ పెద్దావిడ మెట్టు మీద నుంచి లేచి రోడ్డు దాకా పోయి వస్తోంది.

ఆఫీసుకు వచ్చి అక్కకు చెప్పాను. "అయితే అడగడం మాన్పించేద్దాం," అంది అక్క. "వ్యాను సంగతి తెలిసేది ఒక్క చోట పెడదాం. మ్యాపూ, రాతా, గంటా దాని మాట వింటాయి. మారినప్పుడు ముగ్గురికీ ఒకేసారి తెలుస్తుంది."

సార్‌కు ఇది నచ్చలేదు. "నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలిస్తరు?" అన్నారు. తప్పు చెప్పే గంటను ఒక్కదాన్ని తీసేస్తే చాలదా అని ఆయన మాట.

"గంట తీసేస్తే ఆవిడ గడప మీద నిలబడి చూస్తుండాలి సార్," అంది అక్క. "ఒక్కో ముక్క విడదీసుకుంటూ వెళతాం. మధ్యలో ఏదీ ఆగిపోదు. ఏదైనా ఆగితే వెనక్కి పెట్టేస్తాం."

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని సరే అన్నారు.

ఆ వారాలు నాకు ఇప్పటికీ కలలానే గుర్తున్నాయి. ముందు వ్యాను సంగతి తెలిసే చోటును విడిగా తీశాం. తర్వాత మ్యాపును దానికి శ్రోతగా చేశాం. తర్వాత పైన రాతను, చివరికి గంటను. ఆ పెద్ద ఫైలు రోజురోజుకూ చిక్కిపోతూ వచ్చింది. మధ్యాహ్నాలు కరెంటు పోతే కిటికీ తెరిచి కూర్చునేవాళ్లం. కింద చౌరస్తాలో విజయవాడ వైపు పోయే బస్సుల క్లీనర్లు ఊళ్ల పేర్లు పిలుస్తుండేవారు. సూర్యాపేట, కోదాడ, నందిగామ. అక్క ఆ పేర్లు వింటూ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు పని చేసేది.

నాకు మాత్రం ఆ ప్యాటర్న్‌ల మీద మనసు పడిపోయింది. మెట్రోలో కూర్చుంటే ఎక్కడ చూసినా అవే కనిపించేవి. తర్వాతి స్టేషన్ పేరు వినపడగానే పెట్టెలో ఒక్కొక్కరు ఒక్కోలా కదిలేవారు. ఒకరు సంచి సర్దుకుంటారు, ఒకరు లేస్తారు, ఒకరికి పట్టనే పట్టదు. చెప్పేది ఒక్కటే, వినేవాళ్లు ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. నాకది చాలా అందంగా అనిపించేది. ఆ మత్తులో నేర్చుకున్న ప్యాటర్న్‌లన్నీ తెచ్చి మా యాప్‌లో పెట్టడం మొదలుపెట్టాను. గంటను తయారుచేసి ఇచ్చేందుకు ఫ్యాక్టరీ అనే ప్యాటర్న్‌తో ఒక ముక్క రాశాను. ఆ ఫ్యాక్టరీని తయారుచేసేందుకు ఇంకొకటి.

అక్క అది మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"మనకి గంటలు ఎన్ని రకాలున్నాయి?" అని అడిగింది.

"ఒకటే అక్కా."

"మరి ఇదంతా ఎవరికోసం?"

ముందుముందు కావాల్సి వస్తాయేమో అన్నాను. నా ముఖం వేడెక్కింది. అక్క నవ్వి, "మా పెద్దాడు పుట్టకముందు నేను కూడా ఇలాగే వాడికి పదేళ్లొచ్చేదాకా సరిపడా చొక్కాలు కొనేశాను," అంది. "వచ్చినప్పుడు రాసుకుందాంలే. ఇప్పుడు చదివేవాళ్లకి దారి కనపడాలి."

ఆ పేజీలు తీసేసేటప్పుడు నాకు కొంచెం బాధేసింది. తీసేశాక కోడ్‌లో గాలి ఆడినట్టుంది.

కొత్త యాప్ వచ్చిన పొద్దు నేను మళ్లీ హయత్‌నగర్ వెళ్లాను. ఆ పెద్దావిడ ఈసారి మెట్టు మీద లేదు. ఇంట్లోనే ఉంది, చలికి తలుపు దగ్గరగా వేసుకుని. గంట మోగాక లేచి, తాపీగా చెప్పులు వేసుకుని గల్లీ చివరికి వచ్చింది. వ్యాను మూల తిరుగుతోంది. ఆవిడ నన్ను చూసి తల ఊపి ఎక్కింది. అంతే.

కానీ వారం తిరగకముందే ఆవిడే ఫోన్ చేసింది. అప్పటికి నా నంబరు ఆవిడ దగ్గర ఉంది.

"యాప్ మంచిగనే జెప్తుంది బిడ్డా. గని పగటీలికే చార్జింగ్ అయిపోయి ఫోన్ సచ్చిపోతుంది. నా కొడుకు ఫోన్ జేస్తే కలుస్తలేదంట, వాడు పరేషాన్ అయితుండు."

ఆ రోజంతా వెతికాం. చివరికి అక్కే పట్టుకుంది. వినడం మొదలుపెట్టమని మ్యాపుకు చెప్పాం గానీ, మానమని ఎక్కడా చెప్పలేదు. ఆవిడ వ్యాను ఎక్కి యాప్ మూసేసినా, మూసిన మ్యాపు లోపల ఎక్కడో వింటూనే ఉంది. మళ్లీ తెరిస్తే దాని పక్కన ఇంకొకటి చేరుతోంది. కనపడని మ్యాపులన్నీ ఫోన్‌లో మేలుకుని వ్యాను కోసం చెవులు రిక్కించి కూర్చున్నాయి.

"పాపం," అంది అక్క, ఫోన్ గురించో, మ్యాపుల గురించో.

తెర మూయగానే వినడం ఆగేలా రాశాం. రాయాల్సింది చాలా కొంచెమే. రాత్రికి ఆవిడ ఫోన్‌లో కొత్తది వేయించాం. మర్నాడు నేనే ఫోన్ చేసి అడిగాను. పొద్దుగూకినా ఇంకా సగం చార్జింగ్ ఉందని చెప్పింది.

ఆ తర్వాత ఆవిడ అప్పుడప్పుడూ పలకరించేది. తిన్నవా, ఊరికి పోయినవా అని. ఎండాకాలం దాటాక ఒకరోజు మాత్రం గొంతు వేరుగా ఉంది. తన చెల్లెలు కిడ్నీ ఇస్తానందట. పరీక్షలు కుదిరాయట. ఆపరేషన్ అయ్యాక చాలా రోజులు ఎవరినీ కలవనివ్వలేదు. నేను కొడుకుకు ఫోన్ చేసి కనుక్కుంటూ ఉన్నాను. ఇద్దరూ బాగున్నారని అతను చెప్పిన రోజు అక్క సీటులోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడింది.

కోలుకున్నాక పెద్దావిడ ఇంటికి రమ్మని పిలిచింది. మాస్క్ పెట్టుకుని వెళ్లాను. ముందు గదిలో కుట్టు మిషన్ మీది గుడ్డ తీసి ఉంది. చెల్లెలు కింద కూర్చుని బీరకాయ చెక్కు తీస్తోంది. ఇద్దరి ముఖాలూ ఒకటే. పెద్దావిడ ఒంటికి కొంచెం రంగు వచ్చింది. కాసేపు మాట్లాడాక ఫోన్ తీసి ఎటో చూస్తూ మొహమాటంగా అంది.

"ఏమనుకోకు బిడ్డా. నాకిగ గా వ్యాన్‌తోని పనిలేదు. మీ యాప్ తీసేద్దామంటే నాకు ఒస్తలేదు. నువ్వు చేసిందాయె, నీకు చెప్పకుండ నా కొడుకుతోని తీపియ్య బుద్ధి కాలేదు."

ఫోన్ అందుకుని యాప్ బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకున్నాను. తీసేయాలా అని ఫోన్ అడిగింది. నేను ఆవిడకు చూపించాను.

"తియ్యి," అంది.

తీసేశాను. అది ఉన్న చోట తెర మీద ఖాళీ మిగిలింది, వెనక ఆవిడ మనవడి ఫొటోలో చేయి కనిపించింది. చెల్లెలు బీరకాయ ముక్కలు పళ్లెంలో పోసుకుని లోపలికి వెళుతూ, తిని పొమ్మని నాకు చెప్పింది.