రెండు ఎస్ నుంచి ఒకటి ఎస్‌కు

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్‌లో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు ఫిజిక్స్ చెప్పేదాన్ని. పరమాణువులు కాంతిని వెలువరించే పాఠం ఆ ఏడు నా ప్రాణం తీసింది. ఎలక్ట్రాన్ పైస్థాయి నుంచి కిందికి దిగేటప్పుడు దాని ఎల్ విలువ, అంటే కోణీయ ద్రవ్యవేగం లెక్క, సరిగ్గా ఒకటి మారాలని బోర్డు మీద రాశానో లేదో, ఊరేగింపు వస్తోందని కింద షట్టర్ దించేశారు. మరుసటి క్లాసుకు మొదటిసారి రానివాళ్ళంతా వచ్చారు. మళ్ళీ మొదటికి. ఆపైన బంద్.

ముందు బెంచీలో పోచంపల్లి నుంచి వచ్చి ఇక్కడే చీరల దుకాణం పెట్టుకున్నవాళ్ళ అమ్మాయి ఒకతె. ప్రతిసారీ ఎస్ అనే స్థాయిల గురించి అదే ప్రశ్న.

"ఎస్ నుంచి ఎస్‌కే దుంకితే ఏమైతది మేడమ్? ఎవలు ఆపుతరు?"

నేను నోరు తెరిచేలోగా క్లాసు అయిపోయేది. మేనేజరేమో, "రూల్ రాయించెయ్యండి, కారణాలు ఎవరూ అడగరు" అనేవాడు.

ఇంకో బంద్ రోజు ఎల్బీనగర్‌లో మా ఇంట్లో దోశలు పోస్తుంటే ఆ అమ్మాయి వచ్చి తలుపు కొట్టింది. బస్సుల్లేక నడిచే వచ్చిందట.

"ఫోన్ చెయ్యొచ్చు కదమ్మా."

"చేస్తే రావద్దంటరు గద మేడమ్."

అనేదాన్నే. విసుగ్గానే వంటగదిలో కూర్చోబెట్టి చెప్పాను. "బయటికెళ్ళే ఫోటాన్, అదే కాంతి కణం, కనీసం ఒక యూనిట్ కోణీయ ద్రవ్యవేగం పట్టుకుపోవాలి. కిందున్న ఒకటి ఎస్ అయినా, పైనున్న రెండు ఎస్ అయినా ఎల్ సున్నాయే. సున్నా నుంచి సున్నాకి దిగితే ఆ ఒక్కటీ ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుంది?"

"అంటే రెండు ఎస్‌ల ఉన్నది గాడ్నే పడి ఉంటదా?"

"పరమాణువు లెక్కన చాలాసేపు ఉంటుంది. చివరికి రెండు ఫోటాన్లు ఒకేసారి వదిలి దిగుతుంది. రెండూ పట్టుకుపోయేవి ఒకదానికొకటి చెల్లిపోతాయి."

"గీ ముక్క మొదటి రోజే చెప్తే అయిపోవు గద మేడమ్."

"మొదటి రోజు చెప్పనిచ్చిందెవరు?" అన్నాను. పెనం మీద దోశ మాడిపోయింది.

క్లాసులు తెరవగానే మేనేజర్ పాఠం పూర్తయిందని ప్రకటించి పరీక్ష పెట్టేశాడు. అందులో ఒక ప్రశ్న: రెండు ఎస్ నుంచి ఒకటి ఎస్‌కు ఎలక్ట్రాన్ మామూలుగా ఎందుకు దిగదు? అందరూ "నియమానికి విరుద్ధం" అని రాసి మార్కు తెచ్చుకున్నారు. ఈ పిల్ల అరపేజీ కారణం రాసి, ఆ మాట రాయడం మర్చిపోయింది. పేపర్లు దిద్దినాయన సున్నా వేశాడు.

నేను ఆ సున్నా కొట్టేసి మార్కు వేశాను. మేనేజర్ పిలిచి, "ఆన్సర్ కీలో లేనిదానికి మార్కులేస్తే ఎలాగండీ, మిగతావాళ్ళు గొడవ చేస్తారు" అన్నాడు. గంటసేపు వాదించాను. చివరికి అర మార్కుకు ఒప్పుకున్నాడు.

ఆ అమ్మాయికి చెబితే నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.