తలుపు వేసిన గదిలో కుంపటి

చలికాలం మనిషికి మత్తు తెస్తుందని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండేది. మా గోదావరి వైపు ఆ రోజుల్లోనే కోతలు, నూర్పిళ్లు. మంచులో లేచి పరుగెత్తాల్సిందే. దుబాయ్ వచ్చి చూస్తే ఇక్కడా అంతే. ఎండాకాలమంతా ఏసీ కింద ముడుచుకున్న జనం, చలి రాగానే లేచి ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. అందుకే దుబాయ్‌కి దగ్గర్లోని ఉమ్ అల్ క్వైన్‌లో నేను పనిచేసిన ఇంటి పిల్ల, నన్ను పిన్నీ అన్నట్టు ఖాలా అని పిలిచే పన్నెండేళ్లది, ఒకరోజు నన్ను పట్టుకుని, "ఖాలా, పూర్వం మనుషులు కూడా ఎలుగుబంట్లలాగా చలికాలమంతా నిద్రపోయేవాళ్లేమో, తెలుసా?" అంటే, "పోయుంటారు, వండిపెట్టేవాళ్లు వేరే ఉండుంటారు" అన్నాను.

కరోనా వల్ల బడి ట్యాబ్‌లోకి వచ్చేసిన చలికాలం అది. ఈ నిద్ర సంగతి అందులో పాఠమట, పిల్లకు బాగా పట్టుకుంది. ఎక్కడో గుహలో దొరికిన పాత ఎముకల మీద, తిండీ ఎండా లేకుండా నెలలు గడిపిన గుర్తులున్నాయని కొందరంటారట. మనిషి ఒళ్ళు అంత చల్లబడితే బతకడని ఇంకొందరంటారట. ఏదీ తేలలేదట. వెలుతురు తగ్గితే నిద్రమత్తు పెరుగుతుందన్నది మాత్రం నిజమేనని చెప్పింది.

నా పని పిల్ల నానమ్మను చూసుకోవడం. ఎనభై దాటిన పెద్దావిడ. నేను కూడా "యుమ్మా" అనే పిలిచేదాన్ని, అంటే అమ్మా అని. చలికాలం మధ్యాహ్నాలు ఆవిడ పెరట్లోని గుడారంలో బొగ్గుల కుంపటి పక్కన కూర్చునేది. ఆ వారం రెండు రోజులు వాన పట్టి గుడారం తడిసిపోయింది. గదిలో ఏసీకి చల్లబరచడమే వచ్చు. ఆవిడ దుప్పటి కింద వణుకుతూ "బర్ద్, బర్ద్" అంటోంది. చలి, చలి అని. నాకు జాలేసింది.

నా కాన్పప్పుడు మా అమ్మ నులకమంచం కింద కుంపటి పెట్టింది. నేనూ నా పసిగుడ్డూ ఆ వెచ్చదనంలోనే పదకొండు రోజులు పడుకున్నాం. కాబట్టి ఈ పని నాకు తెలుసనుకున్నాను. చెడంతా పొగతోనే అని నా నమ్మకం. బొగ్గులు బయట రాజేసి, పొగంతా పోయి ఎర్రబడ్డాకే కుంపటి లోపలికి తెచ్చి మంచం పక్కన పెట్టాను. వెచ్చదనం పోకుండా తలుపు వేశాను. మా అమ్మది పెంకుటిల్లనీ, పెంకుల సందుల్లోంచి గాలి ఆడేదనీ, ఈ కిటికీలకు ఇసుక రాకుండా పిల్ల తండ్రి, మా సారు, చుట్టూ టేపు అంటించారనీ అప్పుడు బుర్రకు తట్టలేదు.

భోజనాలయ్యాక పిల్ల కూడా ట్యాబ్ తెచ్చుకుని తివాచీ మీద చేరింది. పెద్దావిడ నిద్రలోకి జారింది. పిల్ల ఆవిడ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, "చూడు ఖాలా, ఊపిరి ఎంత నెమ్మదిగా ఉందో! గుహలో మనుషులు అచ్చం ఇలాగే పడుకునేవాళ్లు" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

కాసేపటికి నా కళ్ళూ మూతలు పడసాగాయి. తలలో రోలు తిప్పినట్టు ఒకటే నొప్పి. వాన రోజు, వెలుతురు లేదు, పిల్ల చెప్పింది నిజమేనేమో అనుకున్నాను. పగటిపూట ఏనాడూ కునుకు తీయనిదాన్ని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

సాయంత్రపు అజాన్ వినిపించింది. రోజూ మొదటి మాటకే పెద్దావిడ కాళ్లు కదిపేది, నేను కడుక్కోవడానికి నీళ్లు తెచ్చేదాన్ని. అజాన్ మొత్తం అయిపోయింది. దుప్పటి కదల్లేదు.

"యుమ్మా" అన్నాను. పలకలేదు. లేవబోతే నా మోకాళ్లు నిలవలేదు. పాకుతూ వెళ్లి తలుపు తెరిచాను. వానగాలి మొహాన కొట్టింది. వెనక్కి తిరిగి పిల్లను జబ్బ పట్టుకుని ఈడ్చాను. గడప దాటగానే వాంతి చేసుకుంది. నా కేకలకు ఇంటి డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, చాలా ఏళ్లు కూలీల క్యాంపుల్లో ఉండి ఈ ఇంటికి వచ్చాడు. ఇద్దరం పెద్దావిడను దుప్పటితో సహా వరండాలోకి మోశాం. కళ్లు తెరవలేదు. అతను అంబులెన్సుకీ, పక్క వీధిలో చెల్లెలింటికి వెళ్లిన పిల్ల తల్లి, మా మేడమ్‌కీ ఫోన్ చేసి, గదిలోకి తొంగి చూశాడు.

"అక్కా, బొగ్గులు లోపల పెట్టినవా?"

"పొగ లేదు కదా తమ్ముడూ."

"పొగ లేకున్నా పానం తీస్తయే అక్కా. మా క్యాంపుల ఇద్దరు గిట్లనే పెట్టుకొని పన్నరు. మల్ల లేవలే."

అతను గుడ్డతో కుంపటి పట్టుకెళ్లి గోడ వెనక నీళ్లలో పారబోసి వచ్చాడు.

"ఖలాస్. నిద్రల నుంచి లేస్తలేదని చెప్పు, గంతే. ముసలామె, ఎవ్వలకు డౌటు రాదు. కేసయితే జైలే అక్కా. నోరు తెరవకు."

నా మంచి కోరే చెప్పాడు. ఊళ్లో నా కూతురు ఇంటర్ చదువుతోంది. నేను జైలుకెళ్తే దాని చదువు అక్కడితో సరి.

అంబులెన్సూ మేడమ్ కారూ ఒకేసారి వచ్చాయి. పెద్దావిడ వేలు గుచ్చి చూశారు, షుగరు బాగానే ఉంది. కళ్లలోకి టార్చి వేశారు. మెదడులో ఏదో అయుంటుందన్నారు. "ఎప్పటినుంచి నిద్ర?" అని మేడమ్ నన్నడిగింది. "మధ్యాహ్నం నుంచి" అన్నాను. బొగ్గుల మాట ఎత్తలేదు. స్ట్రెచరు ఎక్కించేశారు. పిల్ల మెట్టు మీద నా భుజాన తల వాల్చి, "నిద్రొస్తోంది ఖాలా" అంది. పెదవులు పాలిపోయి ఉన్నాయి. ఎవరూ దానివైపు చూడటం లేదు.

నేను డ్రైవరు వైపు చూశాను. వద్దన్నట్టు తల ఊపాడు. అంబులెన్సు తలుపు మూస్తున్నారు.

"ఫహమ్!" అని అరిచాను. బొగ్గులు అని. "గదిలో బొగ్గులు పెట్టాను. నేనే. తలుపు వేశాను. పిల్ల కూడా లోపలే ఉంది."

ఒకతను కిందికి దూకి పిల్లను ఎత్తుకున్నాడు. రెండో అతను పెద్దావిడ మొహానికి పెద్ద మాస్కు బిగించాడు. మేడమ్ నన్నే చూస్తోంది. నేను పోలీసుల కోసం గోడ పక్కకు జరిగి నిలబడ్డాను. దూకినతను మళ్లీ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వూ ఆ గదిలోనే ఉన్నావు కదా? యల్లా, ఎక్కు" అన్నాడు. నా మొహానికీ మాస్కు వచ్చింది. ఆ గదిలో మూడో ప్రాణం నాదని అప్పటిదాకా నాకే తోచలేదు.

పెద్దావిడ నాలుగో రోజున ఇంటికి వచ్చింది. బొగ్గుల మాట తెలియకపోతే ఇంకేదో వైద్యం చేస్తూ పొద్దుపుచ్చేవాళ్లమని డాక్టరు చెప్పారట. పోలీసులడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తెలియక చేసిందని సారు సంతకం పెట్టారు. నన్ను పంపేయలేదు. ఇంకో రెండేళ్లు ఆ ఇంట్లోనే చేశాను. పిల్లను మాత్రం మేడమ్ ఆ తర్వాత ఒక్క గంట కూడా నా దగ్గర ఒంటరిగా వదల్లేదు. పిల్ల గుమ్మం బయటే నిలబడి నాతో రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయేది. నాకు ఏడుపొచ్చేది. కోపం మాత్రం రాలేదు. ఆవిడ చోట నేనున్నా అంతే చేసేదాన్ని.