రూతత్త పగలగొట్టిన తాళం

గీదంలో సంత రోజున మా ఆసుపత్రి ఓపీ వరసలో నిలబడ్డవాళ్ళ చొక్కాల నుంచి ఇప్పసారా వాసన వస్తుంది. తీపిగా మొదలై, ముక్కు లోపలికి వెళ్ళాక పులుపెక్కే వాసన. కొత్తగా చేరిన నర్సులు మాస్కులు పైకి లాక్కుంటారు. నాకు మాత్రం ఆ వాసనతో మా నాన్న గుర్తొస్తాడు. ఆయన వెనకే రూతత్త.

రూతత్త మాకు చుట్టం కాదు. అడవుల్లోంచి ఇనుప ఖనిజం మోసే కిరండూల్ రైలు లైన్లో మా రైల్వే క్వార్టరు పక్కది వాళ్ళది. ఆవిడ భర్త రైళ్ళకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, ఆవిడ అక్కడి సర్కారు ఆసుపత్రిలో నర్సు. మేము పార్వతీపురం వైపువాళ్ళం, వాళ్ళది బొబ్బిలి దగ్గర. మా ఇంట్లో వెంకన్న పటం, వాళ్ళింట్లో శిలువ, మధ్యలో గోడ ఒకటే. ఆవిడని దయగల మనిషి అని ఎవరూ అనేవారు కాదు. కుళాయి దగ్గర ఆవిడ నోటికి కాలనీ అంతా జడిసేది.

నాన్న పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్. ఒక వానాకాలం, రైలు కింద పడిన తల్లీబిడ్డల్ని ఏరి గోనెలో వేసే పని ఆయన మీద పడింది. అప్పటిదాకా పండక్కి తాగే మనిషి, ఆ తర్వాత పొద్దున్నే మంచం దిగడానికి కూడా తాగేవాడు. ఊరి నుంచి చిన్నాన్నలు వచ్చారు. తిట్టారు, ఒట్లు వేయించారు, చివరికి గదిలో పెట్టి తాళం వేశారు. మర్నాటికి నాన్న లోపల ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు. గోడల నిండా చీమలని అరిచాడు. తర్వాత దబ్బుమని చప్పుడు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన రూతత్త రోకలి తెచ్చి తాళం పగలగొట్టింది. నాన్న నోట నురగతో నేల మీద కొట్టుకుంటున్నాడు.

"ఇన్నాళ్ళు తాగినోడికి ఒక్కపాలి ఆపేస్తే పేనం పోతాది. మందులిచ్చి, దగ్గరుండి మానిపించాల. తెలీదేటి మీకు?" అంది.

"తాగుబోతోడికి మందులేటి?" అన్నాడు పెద్ద చిన్నాన్న.

"మనిషికి పేరుంది. అప్పలసామి."

ఇలాంటివాళ్ళకి ఒకసారి మంచం ఇస్తే మళ్ళీ మళ్ళీ వస్తారని ఆసుపత్రిలో డాక్టరు హిందీలో విసుక్కున్నాడు. రూతత్త కూడా హిందీలోనే, "మలేరియాతో వచ్చినవాణ్ణి దోమనెందుకు కుట్టనిచ్చావని అడుగుతామా సార్?" అంది. జవాబు కోసం ఆగలేదు. మూలనున్న మంచం మీద దుప్పటి పరిచేసింది.

నాన్న బతికాడు. కొన్ని నెలలు బాగానే ఉన్నాడు. దసరా వెళ్ళాక మళ్ళీ తాగి వచ్చాడు. అమ్మ తలుపు వేసేసింది. రూతత్త వచ్చి, "వదినా, జొరం తిరగబెట్టింది. మళ్ళీ మందేద్దుం. తలుపు తియ్యి" అంది. మర్నాడు సాయంత్రం మెట్ల మీద నాన్న పక్కన కూర్చుని, "అన్నయ్యా, ఆ దినం లైను మీద ఏటి సూసినావు?" అని అడిగింది. అంతకాలంలో ఆ మాట అడిగిన మనిషి ఆవిడొక్కతే. తల్లి చెయ్యి తెగిపోయినా బిడ్డ చొక్కాని వదల్లేదని చెబుతూ నాన్న ఏడ్చాడు. తర్వాత ఇంకా పడ్డాడు, లేచాడు. చివరికి నిలబడ్డాడు.

కథ ఇక్కడే ఆగితే నేనూ అందరిలాగే దేవుడి గురించి రెండు మంచి మాటలు రాసేదాన్ని. రూతత్త కొడుకు సుధీర్ ఐటీఐ చదివి, పని దొరక్క, మొదట నొప్పి బిళ్ళలకీ తర్వాత సూదులకీ అలవాటు పడ్డాడు. అప్పటికి ఆవిడ రిటైరైంది. తను పనిచేసిన వార్డుకే తీసుకెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. మంచం లేదన్నారు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న నర్సులు తలలు దించుకున్నారు. వాళ్ళ వెనక రెండు మంచాలు ఖాళీగా కనబడుతూనే ఉన్నాయి.

చర్చివాళ్ళూ కాలనీవాళ్ళూ చెప్పగా చెప్పగా, దూరపు పట్నంలో మత్తు మాన్పిస్తామనే ఒక నషాముక్తి కేంద్రానికి కొడుకుని పంపింది. అక్కడ గొలుసులేసి కొడతారని మాకెవరికీ తెలియదు. నెల తిరక్కుండా శవం వచ్చింది. గుండె ఆగిందన్నారు. స్నానం చేయించిన నాన్న, ఆ కాళ్ళ మీది వాతలు చూసి బయటికొచ్చి గోడకానుకుని నిలబడిపోయాడు.

సమాధి దగ్గర ఒకావిడ ఓదార్పుగా, "పోన్లే రూతమ్మా, పీడ వదిలింది" అంది.

"పీడ కాదు. నా సుధీరు," అంది రూతత్త. ఆ తర్వాత కాలనీలో మా ఇంటితో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. కొన్నాళ్ళకి బొబ్బిలి వెళ్ళిపోయింది.

నర్సింగ్ పాసయ్యాక ఆవిడని చూడ్డానికి వెళ్ళాను. సగమైపోయింది. "నీ దయవల్లే నాన్న బతికాడత్తా" అన్నాను. ఆ మాట ఆవిడకి తగలరాని చోట తగిలింది.

"నా దయేటి? ఆ దినం మంచం కాళీగుంది, పరిచేసినాను. నా కొడుకు మీద నాకు దయ తక్కువైపోనాదేటి?"

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ చెయ్యి విడిపించుకుని, "జాలి పడకు గుంటా. జాలి అందరూ పడతారు. మనిషిని లోపలికి రానియ్యి" అంది.

ఆవిడ ఇప్పుడు లేదు. ఆవిడ ఓర్పు నాకు రాలేదు, కోపం మాత్రం వచ్చింది. ఆసుపత్రిలో నన్ను గయ్యాళి అంటారు. మంచం లేదని ఎవరన్నా నమ్మను. వార్డులోకి వెళ్ళి నా కళ్ళతో చూసుకుంటాను. చాలాసార్లు ఉంటుంది.